గేదెల పాక, ఏడో అంతస్తు

నూకరాజుకి ఒక ఉత్తరం రావాలి. డెబ్భై ఏళ్ళ బతుకులో ఆయన ఎవరికీ ఉత్తరం రాసింది లేదు, ఎవరి ఉత్తరం కోసమూ ఎదురు చూసింది లేదు. ముప్పై నాలుగేళ్ళు గోదారి మీద పంటు నడిపిన సరంగు. అవతలి గట్టుకి కబురేదైనా చెప్పాలంటే, చెప్పే మనిషినే ఎక్కించుకుని వెళ్ళి దింపేవాడు. తరవాత వంతెన వచ్చింది, పంటు ఒడ్డెక్కింది. ఆ పైన రెండు కళ్ళలోనూ పొర వచ్చింది.

అవతలి గట్టున ధర్మ కంటాసుపత్రి ఉంది. అక్కడి డాక్టరమ్మ లైటు వేసి చూసింది.

"కుడికన్ను పండిపోయింది తాతా. ముందు దానికి చేసేద్దాం. రోజు ఖాయం చేసి రెండు నెలల్లో ఉత్తరం పంపిస్తాం. ఆ ఉత్తరం పట్టుకుని ఆ రోజునే రావాలి. ఉత్తరం లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. రోజు తప్పితే నీ పేరు జాబితా అడుక్కి పోతుంది. మళ్ళీ వచ్చే ఏడే."

"ఫోను చెయ్యకూడదా అమ్మా?" అని కూతురు మంగతాయారు అడిగింది.

"చేసేవాళ్ళమమ్మా. సగం మంది మర్చిపోయారు, సగం మంది పక్కవాళ్ళ రోజున వచ్చి పడుకున్నారు. అందుకని కాగితమే."

నూకరాజు తలూపి వచ్చేశాడు. ఆయన మాటలు పొదుపు. అవసరమైన మాట కూడా ఒక్కోసారి వాయిదా వేస్తాడు.

కూతురూ అల్లుడూ కొత్తగా కొనుక్కున్న ఫ్లాటు ఏడో అంతస్తులో. మేడ పేరు లోటస్ వ్యూ గ్రాండ్. బాల్కనీలోంచి గోదారి కనబడుతుందని చెప్పి అమ్మారు. అందరికీ కనబడుతోందిట. నూకరాజు రోజూ పొద్దున్నే కుర్చీ వేసుకుని ఆ వైపు చూస్తాడు. మజ్జిగ పారబోసినట్టు తెల్లగా ఉంటుంది. "నీళ్ళు ఎంతవరకు ఉన్నాయే?" అని అడిగితే కూతురు, "బాగానే ఉన్నాయి నాన్నా" అంటుంది. ముప్పై నాలుగేళ్ళు ఏటిని చూసినవాడికి అది జవాబు కాదు.

అందుకే ఆయనకి ఆ ఉత్తరం కావాలి.

ఆ మేడలో ఎనభై నాలుగు ఫ్లాట్లు. తొక్కరాదని బోర్డు పెట్టిన పచ్చగడ్డి, ఇంతవరకూ ఎవరూ దిగని ఈతకొలను, గేటు లోపల గోడకి ఎనభై నాలుగు ఉత్తరాల పెట్టెలు, వాటికి ఇత్తడి తాళాలు. అయిదు నెలలుగా ఆ పెట్టెల్లో దుమ్ము తప్ప మరేమీ పడలేదు. రెండో అంతస్తు ఆవిడకి తమ్ముడి పెళ్ళి శుభలేఖ అందలేదు. ఆవిడ అలిగి వెళ్ళలేదు. వెళ్ళలేదని తమ్ముడు అలిగాడు. ఇద్దరూ ఎవరికి వారు క్షమాపణ ఉత్తరం కోసం చూస్తున్నారు.

నూకరాజు ఒక పొద్దున్న కిందికి దిగి, రోడ్డు మీద సైకిలు గంట విని పోస్ట్‌మాన్ అబ్బుల్ని ఆపాడు.

"మా మేడ ముందు నుంచే పోతావు. లోపలికి రావేంరా?"

"మావయ్యగారూ, సైకిలు నాది గానీ దారి నాది కాదండి. దారి బీటు పుస్తకానిదండి. ఏ ఇల్లు తరవాత ఏ ఇల్లని అందులో రాసుంటాది. రైసుమిల్లు, దాని తరవాత సూరమ్మ గేదెల పాక, దాని తరవాత టైర్ల కొట్టు. మీ మేడ లేదండి."

"ఏడంతస్తులు కనబడ్డం లేదా?"

"నాకు కనపడతాదండి. పుస్తకానికి కనపడదండి."

ఆ మాట నూకరాజుకి బాగా అర్థమయింది. పుస్తకానికీ పొర వచ్చిందన్నమాట.

"మరి మా ఉత్తరాలు ఏం చేస్తున్నావు?"

"సూరమ్మ పాక పీకేసిన స్థలంలోనే కదండి మీ మేడ లేసింది. స్థలం నంబరు ఒకటే. అంచేత మీ ఉత్తరాలన్నీ పాకకే తెస్తానండి. వస్తే పాక ఉండదు. 'తలుపు తాళం' అని రాసి పట్టుకుపోతాను. ఏడు రోజులు చూసి ఎనక్కి పంపేస్తారు."

"ఆ పాకకి తలుపు ఎప్పుడుందిరా?"

"లేదనుకోండి. కానీ రాయడానికి మాకిచ్చిన ముక్కలు నాలుగేనండి. తలుపు తాళం, మనిషి లేడు, తీసుకోనన్నాడు, చచ్చిపోయాడు. ఉన్నాటిలో అదే మర్యాదగా ఉందని రాస్తన్నాను."

మర్నాడు మంగతాయారు తండ్రిని పోస్టాఫీసుకి తీసుకెళ్ళింది. పోస్టుమాస్టరు భావనారాయణ గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని అంతా విన్నారు. ఆయన మాటకి ముందు ఒకసారి గొంతు సవరించుకుంటారు, మాటకి తరవాత ఒకసారి.

"చూడమ్మా. సదరు భవనము భౌతికముగా ఉన్నదన్న విషయమును మేము కాదనడం లేదు. రికార్డు ప్రకారము లేదంటున్నాము. రెండూ వేరు."

"అయితే రికార్డులో ఎక్కించండి సార్."

"తప్పకుండా. దరఖాస్తు పెట్టుకోండి. పైఆఫీసు నుంచి విచారణ ఉత్తరము ఒకటి మీ చిరునామాకి వస్తుంది. అందుకున్నట్టు సంతకము చేసి వారము లోపల తిప్పి పంపితే, చిరునామా ఉన్నట్టు నిర్ధారణ అవుతుంది."

"మాకు ఉత్తరాలు రావడం లేదనే కదండీ వచ్చాం?"

"అది ఫిర్యాదుల సెక్షను. మంగళవారం చూస్తారు."

"పోనీ మా నాన్న ఉత్తరం వస్తే ఇక్కడే ఉంచండి. మేమే వచ్చి పట్టుకెళ్తాం."

"అది బట్వాడా ఉత్తరం తల్లీ. బట్వాడా అంటే వెళ్ళి ఇచ్చేది. వచ్చి తీసుకునేది బట్వాడా ఎలా అవుతుంది?"

నూకరాజు అంతసేపూ కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. లేస్తూ ఒక్కమాట అడిగాడు.

"పాక ఉంటే ఇస్తారా?"

"రికార్డులో ఉన్నదానికి ఇవ్వకపోతే నా ఉద్యోగం ఊడుతుంది పెద్దాయనా" అన్నారు పోస్టుమాస్టరు గారు.

అక్కణ్ణుంచి తిన్నగా కాలవ గట్టుకి నడిచారు. స్థలం బిల్డరుకి అమ్మేశాక సూరమ్మ తన రెండు గేదెలతో అక్కడే ప్లాస్టిక్ పట్టా కప్పు వేసుకుని ఉంటోంది. సంగతి విని, పాలచెంబు కింద పెట్టి మరీ నవ్వింది.

"పాక పీకించి మేడ కట్టినోళ్ళే మళ్ళీ పాక ఎయ్యమంటన్నారా అన్నయ్యా! ఇదేం ఇడ్డూరం?"

"నా కన్ను కోసం చెల్లెమ్మా."

సూరమ్మ నవ్వు ఆపేసింది. "ఒకప్పుడు పురిటి నొప్పులప్పుడు నువ్వే కదా నన్ను ఏరు దాటించావు. సరే, వస్తాను. నాకేం వద్దు గానీ రాణికీ చామంతికీ పచ్చగడ్డి కావాలి."

"బోలెడుంది. ఎవర్నీ తొక్కనివ్వడం లేదు."

ఇక అపార్ట్‌మెంటు సంఘం ఒప్పుకోవాలి. సంఘం అధ్యక్షులు తారకేశ్వర్రావు గారు సహకార శాఖలో తనిఖీ అధికారిగా చేసి దిగిపోయారు. దిగిపోయారు గానీ తనిఖీ దిగలేదు. సమావేశంలో ఒకాయన లేచి, గేదెల్ని పెట్టుకుంటే మన మేడ పరువేం కావాలని అరిచాడు. అధ్యక్షులవారు చెయ్యెత్తి ఆపారు. ఏదో సాహితీ సంస్థ తమకి సన్మానం చేస్తున్నట్టు రిజిస్టరు ఉత్తరం పంపిందని ఆయన మూడుసార్లు విన్నారు. ఒక్కసారీ చూడలేదు.

"ఆవేశము వద్దు. మన నిబంధన పదకొండు ప్రకారము కుక్కలు, పిల్లులు, కోళ్ళు, చిలకలు పెంచరాదు. గేదె ప్రస్తావన లేదు. నిషేధించని యెడల అనుమతించినట్టే భావించవలెను. అతిథుల కార్లు నిలిపే ఏడో నంబరు చోటును గేదెల పాక నిమిత్తము కేటాయిస్తూ తీర్మానిస్తున్నాను."

నేలకి గ్రానైటు వేయిద్దామని ఒకరన్నారు. "జారి పడి నడుం ఇరగ్గొట్టుకుంటే మీరు చూస్తారా?" అని సూరమ్మ గదమాయించింది. నాలుగు గుంజలు పాతి, తాటాకు కప్పి, గేదెలు వచ్చిపోయేందుకు ప్రహరీలో ఒక తడిక దారి పెట్టించింది. మేడ ముందు పాక దర్జాగా నిలబడింది.

మర్నాడు పదకొండు గంటలకి అబ్బులు తడిక తోసుకుని వచ్చాడు. సంచీ నిండా ఉత్తరాలు. పై అంతస్తుల బాల్కనీల్లోంచి జనం చూస్తున్నారు. అబ్బులు పాక లోపలికి వంగి చూశాడు, అటూ ఇటూ తిరిగాడు, జేబులోంచి పెన్సిలు తీసి 'మనిషి లేడు' అని రాసుకున్నాడు.

"ఏంట్రా!" అన్నాడు నూకరాజు.

"పాకుందండి, పాకలో గేదెల్లేవండి. ఈ యేళకి అవి కాలవలో ఉంటాయి కదండి."

దీని మీద పోస్టల్ ఇన్‌స్పెక్టరు గారు విచారణకి వచ్చారు. గుంజలు లెక్కపెట్టారు, తాటాకు తడిమారు, పేడ కూడా దూరం నుంచి చూశారు.

"గేదెలు లేని పాకను పాక అనవచ్చును. గేదెల పాక అనజాలము. బట్వాడా వేళకు అవి విధిగా హాజరు ఉండవలెను."

సూరమ్మ కొంగు బిగించింది. "మజ్జాన్నం నీళ్ళలో పడకపోతే అయి పాలు చేపవు. నీ ఉత్తరాల కోసం నా గేదెల్ని ఎండబెట్టనా?"

నూకరాజు కర్రతో ఈతకొలను వైపు చూపించాడు.

ఈతకొలనుకి ఆరు నిబంధనలున్నాయి. అధ్యక్షులవారు ఉపసంఘం వేశారు. ఉపసంఘం రెండు గంటలు కూర్చుని నివేదిక ఇచ్చింది. ఈత దుస్తుల నిబంధన నుంచి గేదెలకి మినహాయింపు. కొమ్ములకి పట్టే టోపీ బజారులో దొరకనందున ఆ నిబంధన నుంచీ మినహాయింపు. దిగేముందు స్నానం చెయ్యాలన్నది మాత్రం ఆరోగ్యానికి సంబంధించినది కనుక తప్పనిసరి. దాంతో పంపు దగ్గర రాణికి నీళ్ళ గొట్టంతో స్నానం చేయించి, మళ్ళీ నీళ్ళలోకే దింపేవారు. రాణికి ఇదంతా ఎందుకో తెలియలేదు గానీ అది అడగలేదు. మేడలో అలా అడగనిది అదొక్కటే.

గేదెలు కొలనులో ఉంటే పాకలో ఉన్నట్టా, లేనట్టా అని మళ్ళీ పేచీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు చాలాసేపు ఆలోచించి, "తల పాక వైపునకు ఉన్న యెడల హాజరుగా పరిగణించవచ్చును" అని రాసిచ్చారు. సూరమ్మ పాక వైపు గట్టు మీద రెండు తవుడు గంపలు పెట్టింది. ఆ తరవాత ఏ రోజూ గైరుహాజరు పడలేదు.

ఉత్తరాలు రావడం మొదలెట్టాయి.

అలాంటి బట్వాడా ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. పదకొండింటికి అబ్బులు ఉత్తరాలన్నీ సూరమ్మకి అప్పగిస్తాడు. ఆవిడకి చదవడం రాదు, అందుకని ఎవరి ఉత్తరమూ దాచుకోలేదు. ఉట్టికి కట్టిన ఖాళీ పాలక్యాను మూతలో పరిచి పెడుతుంది. సాయంత్రం పాలకోసం వచ్చినవాళ్ళు ఎవరిది వాళ్ళు ఏరుకుపోతారు. రెండో అంతస్తు ఆవిడకి తమ్ముడి క్షమాపణ వచ్చింది. మూడో అంతస్తు కుర్రదానికి ఉద్యోగం ఉత్తరం వచ్చింది. అక్కడక్కడ పాలచుక్క పడి అక్షరం ఉబ్బేది, అంతే.

కాస్త కాస్తగా అందరూ చిరునామా మార్చుకున్నారు. గ్యాసు పుస్తకంలో, ఓటరు జాబితాలో, బ్యాంకులో 'సూరమ్మ గేదెల పాక, ఫ్లాటు నాలుగువందల మూడు' అని ఎక్కింది. అయిదో అంతస్తువాళ్ళు కూతురి శుభలేఖ మీద పెద్ద అక్షరాల్లో 'గేదెల పాక' అనీ, కింద చిన్న అక్షరాల్లో 'లోటస్ వ్యూ గ్రాండ్' అనీ అచ్చు వేయించారు. పెళ్ళివారు ఆవులా గేదెలా అని అడిగి, గేదెలేనని తెలిసి సంతోషించారు. వీధి చివర కట్టిన ఇంకో మేడవాళ్ళు రహస్యంగా వచ్చి చామంతిని ఒక్క పూట అరువిస్తారా అని అడిగారు. వాళ్ళ స్థలంలో అంతకుముందు ఇటుకబట్టీ ఉండేదని తెలిసి అబ్బులు పెదవి విరిచాడు. "మీకు గేదె పనికిరాదండి. బట్టీ ముట్టించాలి." వాళ్ళు ముట్టించారు కూడా.

నూకరాజు ఉత్తరం మాత్రం రాలేదు. రోజూ పదకొండింటికి దిగి పాక గుంజకి ఆనుకుని నిలబడేవాడు. డాక్టరమ్మ చెప్పిన రెండు నెలలు దగ్గర పడ్డాయి.

ఒక మంగళవారం అబ్బులు సైకిలు దిగకుండానే కేకేశాడు.

"మావయ్యగారూ! కంటాసుపత్రిది వచ్చిందండి. రిజిస్టరు."

నూకరాజు చెయ్యి చాచాడు. అబ్బులు ఇవ్వలేదు. తల గోక్కున్నాడు.

"రిజిస్టరు ఉత్తరం ఆ చిరునామాలో ఉండే మనిషికే ఇవ్వాలండి. మీరు ఏడో అంతస్తులో ఉంటన్నారు. చిరునామా చూస్తే పాకది. మూడు రోజులు వరసగా మీరు ఈడ ఉన్నట్టు చూసి, 'నివాసి' అని రాసి, సాచ్చి సంతకం తీసుకుని అప్పుడివ్వాలి. మాస్టారు మరీ మరీ చెప్పారండి."

"లోపల రోజు ఏదని ఉందో చూసి చెప్పరా."

"చింపితే నా ఉద్యోగం పోద్దండి. అద్గదిగో, మీకు కన్ను, నాకు కొలువు."

నూకరాజు లిఫ్టులో పైకి వెళ్ళి నులకమంచం భుజానికెత్తుకుని దిగాడు. మంగతాయారు వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, ఏంటిది? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కూతురు గేదెల పాకలో పడుకోబెట్టిందనరా?"

"చూసేవాళ్ళందరి ఇంటి పేరూ ఇదేగా" అన్నాడు నూకరాజు, మంచం వాలుస్తూ.

మూడు రోజులు ఆయన రాణికీ చామంతికీ మధ్య ఉన్నాడు. కూతురు క్యారేజీ తెచ్చి పెట్టేది. రోజూ పదకొండింటికి అబ్బులు వచ్చి, "ఈడే ఉంటన్నారాండి?" అని అడిగేవాడు. "ఈడే" అనేవాడు నూకరాజు. అబ్బులు రాసుకునేవాడు. గేదెలు కొలనులో దిగినప్పుడు నీళ్ళు గట్టుకి కొట్టుకునేవి. ఆ చప్పుడు వింటూ నూకరాజు కళ్ళు మూసుకునేవాడు. పంటు రేవుకి తగిలినప్పుడు అలాగే ఉండేది. ఏడో అంతస్తులో ఇన్ని నెలలుగా పట్టని కునుకు ఆయనకి అక్కడ పట్టింది. లోపల మాత్రం ఒకటే గుబులు. చింపని కవరులో రోజు దాటిపోతోందేమో.

శుక్రవారం పదకొండింటికి సాక్షిగా సూరమ్మ వేలిముద్ర వేసింది. అబ్బులు కవరు చేతిలో పెట్టాడు. మంగతాయారు గబగబా చింపి చదివి, "రేపే నాన్నా!" అంది. నూకరాజు కవరుని కళ్ళకి అద్దుకున్నాడు. కుడికన్నుకి కాస్త ఎక్కువసేపు.

కుడికన్ను బాగా వచ్చింది. కట్టు విప్పి పంపేటప్పుడు ఆసుపత్రి గుమస్తా, "ఎడమకన్నుకి రెండు నెలల్లో ఉత్తరం వస్తుంది. చిరునామా చెప్పు తాతా" అన్నాడు.

"సూరమ్మ గేదెల పాక."

గుమస్తా తలెత్తకుండా రాసేసుకున్నాడు.

నూకరాజు అవతలి గట్టునుంచి వచ్చేసరికి మేడ ముందు షామియానా వేసి ఉంది. పోస్టల్ సూపరింటెండెంటు గారు దండ వేసుకుని మాట్లాడుతున్నారు.

"ఈ బీటులో బట్వాడా శాతము సున్నా నుంచి తొంభై ఎనిమిదికి పెరిగినది. ఇది ఎట్లు సాధ్యమైనదని శాఖ ఆశ్చర్యపోవుచున్నది. ఇందుకు ప్రోత్సాహకముగా, ఇన్నాళ్ళూ రికార్డులో లేని లోటస్ వ్యూ గ్రాండును నేటి నుంచి బీటు పుస్తకమున చేర్చుచున్నాము! గేదెల పాక శాఖకు పాత ఖాతాదారు. దానిని కొట్టివేయుటకు వీలులేదు. పాక ఎక్కడికి మారినచో ఆ చిరునామా కూడ అక్కడికే మారును."

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా అధ్యక్షులవారు కొట్టారు. ఆ సాయంత్రానికే పాక విప్పించారు, తడిక దారి గోడ కట్టి మూయించారు, ఈతకొలను నీళ్ళు తోడించి మూడుసార్లు కడిగించారు. సూరమ్మ గుంజలు నెత్తిన పెట్టుకుని, రోడ్డుకి అవతల ఖాళీ స్థలంలో పాక వేసుకుంది. పోతూ పోతూ, "మంచిదే అన్నయ్యా. మీ కొలనులో నీళ్ళు మందు కంపు" అని మాత్రం అంది.

మర్నాడు పదకొండింటికి అబ్బులు సంచీతో గేటు దగ్గరికి వచ్చాడు. బీటు పుస్తకంలో మేడ ఉంది, మేడలో పెట్టెలున్నాయి, పెట్టెలకి తాళాలున్నాయి. కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు. అధ్యక్షులవారు గుమ్మంలోకి వచ్చారు.

"బయటివారికి గేటు పాసు లేనిదే ప్రవేశము లేదు. నీకు పాసు మంజూరు చేశామయ్యా. చేతికివ్వరాదు, నివాస రుజువు కావాలి గనక పోస్టులో మీ ఇంటికి పంపించాము. అది చూపించి రా."

అబ్బులు సైకిలు మీంచే కాలు నేల మీద ఆనించాడు.

"మాది కొత్త కాలనీ అండి. బీటు పుస్తకంలో లేదండి."

వారం పోయాక పెట్టెల్లో మళ్ళీ దుమ్ము పడింది. నూకరాజు పొద్దున్నే బాల్కనీలో కుర్చీ వేసుకున్నాడు. కుడికంటితో చూశాడు. రెండు కొత్త మేడల సందులోంచి జానెడు గోదారి కనబడింది. జానెడు చాలు.

"నీళ్ళు రేవులో మూడో మెట్టు కిందికి దిగిపోయాయే. నడిమధ్య ఇసక మేట వేసింది. మీకెవరికీ కనబడలేదా?"

మంగతాయారు పక్కకి వచ్చి చూసింది. ఏడు నెలలుగా రోజూ చూస్తున్నదే. "ఇసకా? ఎక్కడ నాన్నా?" అంది.

ఆయన చూపు కిందికి దిగింది. రోడ్డుకి అవతల తాటాకు పాక, రెండు నల్లటి వీపులు. అబ్బులు సైకిలు మేడ గేటు దాటుకుని అక్కడికి పోయి ఆగింది. నూకరాజు లేచి నులకమంచం భుజానికెత్తుకున్నాడు.

"ఎక్కడికి నాన్నా?"

"అడ్రసుకి" అన్నాడు నూకరాజు.

లిఫ్టు దగ్గర అధ్యక్షులవారు చాప చంకన పెట్టుకుని అప్పటికే నిలబడి ఉన్నారు. సన్మానం ఉత్తరం కూడా రిజిస్టరే మరి.